చివరి ఊరి షరతు



ప్రతి నెలా రేషన్ బియ్యం ఊరూరికీ చేరాలి. మండల స్థాయి నిల్వ కేంద్రం (ఎంఎల్ఎస్ పాయింట్) దగ్గర హమాలీలు లారీకి బస్తాలు ఎత్తుతారు. ఎర్రుపాలెం మండలాన్నే తీసుకుందాం. జమలాపురం ఉంది, బనిగండ్లపాడు ఉంది, మీనవోలు, రేమిడిచర్ల, పెద్దగోపవరం ఉన్నాయి. ఇంకా చిన్నా పెద్దా ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. లారీ ఏ ఊరికి ముందు వెళ్ళాలి? ఏ వరుసలో తిరిగితే డీజిల్ తక్కువ కాలుతుంది? ఇది మొదటి ప్రశ్న.

రబీ కోతలు మొదలయ్యాక కొనుగోలు కేంద్రాల్లో ధాన్యం కాటా అయి, గోనె సంచుల్లో ఆరుబయట ఉంటుంది. లారీలు కొన్నే ఉంటాయి, కేంద్రాలు చాలా ఉంటాయి. ఏ లారీని ఏ కేంద్రానికి, ఎన్ని గంటలకు పంపాలి? ఇది రెండో ప్రశ్న.

ఇటు ఎర్రుపాలెం దగ్గర మొదలైన మన ఉమ్మడి ఖమ్మం జిల్లా అటు గోదావరి దాకా, భద్రాచలం అడవుల దాకా సాగుతుంది. భద్రాచలానికి ఇవతలి ఒడ్డున, సారపాకలో, పెద్ద కాగితం మిల్లు ఉంది. భద్రాచలం పేపర్ బోర్డ్స్ పేరుతో 1975లో ఏర్పడిన ఆ సంస్థ 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2002లో ఐటీసీలో కలిసిపోయింది. మన రైతులు పెంచే సుబాబుల్, జామాయిల్ కర్ర అలాంటి మిల్లులకే వెళ్తుంది. కాగితం మిల్లు ఏదైనా సరే, యంత్రం మీద కాగితం చాలా వెడల్పుగా వస్తుంది. కొనేవాళ్ళు అడిగే వెడల్పులు వేరు. ఆ పెద్ద చుట్టను, అంటే జంబో రోల్‌ని, ఎలా కోస్తే తక్కువ ముక్క వృథా అవుతుంది? ఇది మూడో ప్రశ్న.

బియ్యం, ధాన్యం, కాగితం. వినడానికి మూడూ వేరువేరు వ్యవహారాలు. గణితం దృష్టిలో మూడూ ఒకే కుటుంబానికి చెందిన సమస్యలు. కోట్ల కొద్దీ మార్గాల్లోంచి అన్నిటికన్నా మేలైనదాన్ని ఏరుకోవాలి. ఆ పని చేసే లెక్కల పద్ధతుల్ని ఆప్టిమైజేషన్ ఆల్గరిథమ్స్ అంటారు. ఇవాళ వాటి గురించి చెబుతాను. ఆ లెక్కలో మన ఊళ్ళకున్న హక్కు గురించి కూడా చెబుతాను.

"నాలుగు ఊళ్ళు తిరగడానికి కంప్యూటర్ ఎందుకు?" అని ఎవరైనా అడగవచ్చు. నాలుగు ఊళ్ళకైతే అక్కర్లేదు. పది ఊళ్ళు తిరగాలనుకోండి. మొదటి ఊరిని పది రకాలుగా ఎంచుకోవచ్చు, రెండోదాన్ని తొమ్మిది రకాలుగా, మూడోదాన్ని ఎనిమిది రకాలుగా. ఇలా గుణించుకుంటూ పోతే 36 లక్షల 28 వేల 800 వరుసలు తేలతాయి. సెకనుకు వంద కోట్ల వరుసలు పరీక్షించే యంత్రం ఉంటే ఇది కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. పదిహేను ఊళ్ళయితే అదే యంత్రానికి దాదాపు 22 నిమిషాలు పడుతుంది. ఇరవై ఊళ్ళయితే 77 ఏళ్ళు. ఇరవై అయిదు ఊళ్ళయితే 49 కోట్ల ఏళ్ళు! అయిదేసి ఊళ్ళు పెరిగేసరికి నిమిషాలు ఒక మనిషి జీవితకాలమయ్యాయి, జీవితకాలం యుగాలయింది. ఇంకా వేగమైన యంత్రం కొన్నా ఈ గండం గట్టెక్కదు. తెలివైన పద్ధతి కావాలి.

ముందు కాగితం కోత చూద్దాం. వింటున్నవాళ్ళు కాగితం, పెన్సిలు తీసుకుంటే ఈ లెక్క మీరే చేయవచ్చు. జంబో రోల్ వెడల్పు 300 సెంటీమీటర్లు అనుకుందాం. ఆర్డర్లు ఇవి: 130 సెంటీమీటర్ల రోల్స్ 20 కావాలి. 90 సెంటీమీటర్లవి 30 కావాలి. 70 సెంటీమీటర్లవి 50 కావాలి.

మామూలుగా తోచే పద్ధతి ఏమిటి? ఒక్కో సైజునూ విడిగా కోయడం. ఒక జంబో రోల్‌లో 130వి రెండు వస్తాయి కాబట్టి వాటికి పది జంబో రోల్స్ కావాలి. 90వి మూడు వస్తాయి, వాటికీ పది. 70వి నాలుగు వస్తాయి, వాటికి 13. మొత్తం 33 జంబో రోల్స్.

ఇప్పుడు సైజులు కలిపి కోద్దాం. ఒక 130, ఒక 90, ఒక 70 పక్కపక్కన పెడితే 290 అవుతుంది. వృథా పది సెంటీమీటర్లే. ఇలా 20 జంబో రోల్స్ కోస్తే 130 ఆర్డరు పూర్తయిపోతుంది. ఇంకా 90వి పది, 70వి ముప్పై మిగిలాయి. ఒక 90, మూడు 70లు కలిపితే సరిగ్గా 300. ఇలా పది కోస్తే అన్నీ పూర్తి. మొత్తం 30 జంబో రోల్స్. అవే ఆర్డర్లు, అదే యంత్రం, అవే కత్తులు. మూడు జంబో రోల్స్ ఆదా అయ్యాయి.

ఇంకా తగ్గించవచ్చా? తగ్గించలేమని ఇక్కడే రుజువు చేయవచ్చు. అడిగిన వెడల్పులన్నీ కూడితే 8,800 సెంటీమీటర్లు. దాన్ని 300తో భాగిస్తే 29కి కొంచెం పైన వస్తుంది. అంటే 29 జంబో రోల్స్‌తో ఎవరు ఎంత తెలివిగా కోసినా ఆర్డరు తీరదు. మన చేతిలో 30తో పూర్తయ్యే పద్ధతి ఉంది. కాబట్టి ఇదే అత్యుత్తమం. ఈ శాస్త్రానికి ప్రాణం ఇక్కడే ఉంది. మంచి దారి కనిపెట్టడం సగం పని. ఇంతకన్నా మంచిది ఉండదని, లేదా ఉన్నా ఇంతకు మించి మేలు జరగదని హద్దు గీసి చూపించడం మిగతా సగం.

ఈ విద్యకు పెద్ద చరిత్ర ఉంది. 1930ల చివర సోవియట్ దేశపు లెనిన్‌గ్రాడ్‌లో లియొనిద్ కాంటొరొవిచ్ అనే యువ గణితవేత్త దగ్గరికి ప్లైవుడ్ సంస్థ ఒక చిక్కు తెచ్చింది: ఏ యంత్రానికి ఏ రకం కర్ర ఇస్తే ఉత్పత్తి ఎక్కువ వస్తుంది? దాన్ని విప్పుతూ ఆయన లీనియర్ ప్రోగ్రామింగ్ అనే లెక్కల పద్ధతికి పునాది వేశాడు. ముడిసరుకును వృథా కాకుండా కోయడం కూడా 1939లో ఆయన రాసిన చిన్న పుస్తకంలో ఉంది. 1975లో ఆయనకు, ఆర్థికవేత్త చాలింగ్ కూప్‌మన్స్‌కు కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

అసలు మిల్లుల్లో పదుల సంఖ్యలో సైజులుంటాయి, కోత పద్ధతులు లక్షలకు, కోట్లకు చేరతాయి. అన్నీ రాసుకుని కూర్చోలేం. 1961లో గిల్మోర్, గొమొరి అనే ఇద్దరు దీనికి మార్గం చెప్పారు. వాళ్ళ పద్ధతి కొద్దిపాటి కోతలతో మొదలవుతుంది. ఆ దశలో ఒక్కో సైజుకు ఎంత విలువ పలుకుతుందో లెక్కగడుతుంది. ఆ విలువల ప్రకారం ఒక జంబో రోల్ ఖరీదుకు మించి రాబట్టే కొత్త కోత ఏదైనా ఉందా అని వెతుకుతుంది. దొరికితే చేర్చుకుంటుంది, దొరకకపోతే ఆగుతుంది. కోట్ల కోతల్ని ముట్టుకోకుండానే వాటన్నిటినీ పరిశీలించినంత ఫలితం వస్తుంది. ప్రపంచంలో కాగితం, ఉక్కు రేకు, గాజు, బట్ట కోసే చోట్ల ఈ ఆలోచన నేటికీ పనిచేస్తోంది.

ఇక దారుల లెక్క. మన దేశంలో ఈ ప్రశ్న పొలాల మధ్యే పుట్టింది. 1930ల చివర బెంగాల్‌లో జనపనార ఎన్ని ఎకరాల్లో వేశారో తేల్చడానికి గణాంకవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ నమూనా సర్వే చేయించారు. సర్వే మనుషులు ఒక పొలం నుంచి ఇంకో పొలానికి తిరగడానికి ఎంత దూరం, ఎంత ఖర్చు అవుతుందన్నది ఆయనకు పెద్ద ప్రశ్న అయింది. 1940లో ప్రచురించిన వ్యాసంలో దాని లెక్క చర్చించారు. తర్వాత 1954లో అమెరికాలో డాంట్‌జిగ్, ఫుల్కర్సన్, జాన్సన్ అనే ముగ్గురు 49 నగరాల చుట్టూ తిరిగివచ్చే అతి పొట్టి దారిని రుజువుతో సహా కనుక్కున్నారు. 1959లో డాంట్‌జిగ్, రామ్సర్ కలిసి పెట్రోలు బంకులకు ట్యాంకర్లు ఎలా పంపాలో లెక్క చెప్పారు. మన రేషన్ లారీ లెక్క ఆ ట్యాంకర్ల లెక్కకు వారసురాలే.

ఈ చరిత్రలో తెలుగువాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన పేరు ఒకటుంది: కట్టా గోపాలకృష్ణ మూర్తి. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి అమెరికా వెళ్ళి, మిషిగన్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం ఆచార్యుడిగా పనిచేశారు. 1963లో లిటిల్, మూర్తి, స్వీనీ, కారెల్ అనే నలుగురు కలిసి ఈ దారుల సమస్య మీద ఒక వ్యాసం రాశారు. బ్రాంచ్ అండ్ బౌండ్ అన్న పేరు శాస్త్రంలో నిలిచిపోయింది ఆ వ్యాసంతోనే.

ఆ వ్యాసంలోని పద్ధతిని మన ఊళ్ళతోనే చెప్పుకుందాం. లారీ తిరగగల వరుసలన్నిటినీ రెండు గుంపులు చేయండి. మీనవోలు నుంచి నేరుగా రేమిడిచర్ల వెళ్ళేవి ఒక గుంపు, అలా వెళ్ళనివి ఇంకో గుంపు. ఇప్పుడు ఒక్కో గుంపుకూ ఒక కనీస దూరం గీయండి, అంటే ఆ గుంపులోని ఏ వరుసా అంతకన్నా పొట్టిగా ఉండలేదని చెప్పే సంఖ్య. దాన్ని కట్టడం కష్టం కాదు. లారీ ప్రతి ఊరికీ ఒక దారిన రావాలి, ఇంకో దారిన పోవాలి. ఆ గుంపు షరతును పాటిస్తూ ఒక్కో ఊరికి అతి దగ్గరి రెండు దారుల పొడవులు తీసుకుని అన్నీ కూడి, సగం చేస్తే చాలు. ఏ ప్రయాణమూ దానికన్నా తక్కువ కాదు. మన చేతిలో ఇప్పటికే 90 కిలోమీటర్ల దారి ఉందనుకోండి. ఒక గుంపు కనీస దూరం 96 అని తేలిందనుకోండి. ఆ గుంపులో లక్ష వరుసలున్నా, కోటి ఉన్నా, ఒక్కదాన్నీ చూడకుండా మొత్తం కొట్టేయవచ్చు. మిగిలిన గుంపును మళ్ళీ రెండు చేసి, అదే పని మళ్ళీ చేస్తాం. నిజాయితీగా గీసిన ఒక హద్దు కోట్ల పరీక్షల్ని అనవసరం చేస్తుంది. ఇలాంటి హద్దుల్ని ఇంకా పదును పెట్టి, 2006లో కుక్ అనే గణితవేత్త బృందం 85,900 బిందువులున్న సమస్యకు అతి పొట్టి దారిని రుజువు చేసింది.

అన్నిసార్లూ రుజువు దాకా వెళ్ళే తీరిక ఉండదు. లారీ పొద్దున ఆరింటికి బయల్దేరాలి. అప్పుడు సరిదిద్దుకుంటూ పోయే పద్ధతులు అక్కరకొస్తాయి. ఏదో ఒక వరుసతో మొదలుపెట్టి దాన్ని పటం మీద గీయండి. ఎక్కడైనా గీతలు ఒకదాన్నొకటి దాటుతున్నాయా చూడండి. దాటుతుంటే ఆ రెండు గీతలు తీసేసి, దారి రెండు ముక్కలు కాకుండా ఆ నాలుగు ఊళ్ళనూ అడ్డం తగలకుండా కలపండి. పటం మీద దారి తప్పకుండా పొట్టిదవుతుంది. 1958లో క్రోస్ అనే ఆయన ఇచ్చిన ఈ ఉపాయాన్ని పదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. అయితే ఇలా సరిదిద్దుతూ పోతే ఒకచోట చిక్కుబడిపోతాం. అంతకన్నా మంచి దారి ఉన్నా, చిన్న చిన్న మార్పులతో దాన్ని అందుకోలేం. 1983లో కిర్క్‌పాట్రిక్, గెలాట్, వెక్కి అనే ముగ్గురు దీనికి లోహశాస్త్రం నుంచి సూత్రం తెచ్చారు. కాలిన లోహాన్ని మెల్లమెల్లగా చల్లారిస్తే దాని అణువులు చక్కగా సర్దుకుంటాయి. అలాగే లెక్క మొదట్లో కొన్ని చెడ్డ మార్పుల్ని కూడా ఒప్పుకోవాలి, పోనుపోను ఆ ఓర్పు తగ్గించుకోవాలి. చిక్కుల్లోంచి బయటపడే అవకాశం అలా పెరుగుతుంది.

ఇవన్నీ ఇప్పుడు మన బియ్యం బస్తాల దాకా వచ్చాయి. 2024 డిసెంబరులో కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ శాఖ "అన్న చక్ర" అనే వ్యవస్థను ప్రారంభించింది. ప్రపంచ ఆహార కార్యక్రమం, ఐఐటీ ఢిల్లీ కలిసి దాన్ని తయారుచేశాయి. ఏ గోదాము నుంచి ఏ చౌకధరల దుకాణానికి ఏ దారిన సరుకు పంపాలో అది లెక్కగడుతుంది. 30 రాష్ట్రాలకు వేసిన లెక్కలో ఏటా 250 కోట్ల రూపాయల రవాణా ఖర్చు ఆదా అవుతుందని శాఖ అంచనా వేసింది. ఆ లెక్కలోకి 4 లక్షల 37 వేల చౌకధరల దుకాణాలు వచ్చాయి. అంత పెద్ద పనిలో వృథా తిరుగుడు తగ్గితే ఆదా అయ్యేది ప్రజల డబ్బే. ఇది మంచి పని, సందేహం లేదు.

శ్రోతలారా, నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను. ఏది తగ్గించమని మనం అడుగుతామో, లెక్క దాన్నే తగ్గిస్తుంది. అడగనిదాన్ని అది పట్టించుకోదు.

కాంటొరొవిచ్ అనుభవమే దీనికి సాక్ష్యం. లెనిన్‌గ్రాడ్‌లోని యెగొరోవ్ రైలు పెట్టెల కర్మాగారంలో ఆయన పద్ధతితో రేకులు కోస్తే వృథా ముక్క బాగా తగ్గింది. ఆ తుక్కును ఉక్కు కర్మాగారాలకు ఇంత అప్పగించాలని పైనుంచి ఒక లక్ష్యం ఉంది. వృథా తగ్గేసరికి ఆ లక్ష్యం తప్పింది, కర్మాగారం చిక్కుల్లో పడింది. లెక్కలో పొరపాటు లేదు. ఏది లక్ష్యమో నిర్ణయించిన చోట పొరపాటు ఉంది.

మన ధాన్యం సంగతే చూడండి. రవాణా ఖర్చు మాత్రమే తగ్గించమని అడిగితే, లారీ నిండేదాకా ఆగమనే జవాబు రావచ్చు. కేంద్రంలో బస్తాలు ఇంకో మూడు రోజులు ఆరుబయట ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో అకాల వర్షం వస్తే తడిసేది రైతు ధాన్యం. ఆ నష్టం రవాణా లెక్కలో ఎక్కడా కనపడదు. అందుకని ప్రశ్ననే మార్చి అడగాలి: కాటా అయిన బస్తా ఇన్ని గంటలకు మించి ఆరుబయట ఉండకూడదు, ఆ షరతుకు లోబడి ఖర్చు తగ్గించండి. గణితం ఈ షరతును సంతోషంగా ఒప్పుకుంటుంది. షరతు వల్ల ఖర్చు ఎంత పెరిగిందో రూపాయలతో సహా చెబుతుంది కూడా. షరతు లేకుండా ఒకసారి, షరతుతో ఒకసారి లెక్క కట్టి తేడా చూస్తే సరి.

రేషన్ లారీకీ ఇంతే. దూరం ఒక్కటే చూస్తే మండలం అంచున ఉన్న ఊరు ప్రతి నెలా చివరికే పడవచ్చు. ఇక్కడ కట్టా మూర్తి 1968లో ఇచ్చిన ఇంకో పద్ధతిలోని ఆలోచన దారి చూపిస్తుంది. ఎవరికి ఏ పని అప్పగించాలనే సమస్యలో అతి తక్కువ ఖర్చు జవాబు ఒక్కటి ఇచ్చి ఊరుకోకుండా, రెండోది, మూడోది, నాలుగోది అని వరసగా ఇచ్చే పద్ధతి అది. దాన్ని తర్వాత రాడార్లు అనేక విమానాల్ని ఒకేసారి గుర్తుపట్టే పనిలో వాడుకున్నారు. మన మండలానికి ఆ ఆలోచన ఎలా పనికొస్తుందో చూడండి. మొదటి దారి 84 కిలోమీటర్లు, రెండోది 86 అనుకుందాం. రెండో దారిలో అంచున ఉన్న ఊరికి బియ్యం రెండు రోజులు ముందు అందుతుంది. తేడా రెండు కిలోమీటర్ల డీజిల్. ఈ పట్టిక అధికారుల ముందు, గ్రామసభ ముందు పెడితే ఏది ఎంచుకోవాలో ప్రజలు చెప్పగలరు. పట్టికే లేకపోతే "కంప్యూటర్ ఇదే చెప్పింది" అన్న మాటకు ఎదురు అడగడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

అడవి వైపు వెళ్ళినకొద్దీ ఇంకో షరతు తప్పనిసరి అవుతుంది. వేసవిలో వేసిన దారి వానాకాలంలో ఉండకపోవచ్చు. వాగు పొంగితే గూడేనికి దారి తెగుతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1965లో ప్రారంభమైన గోదావరి వంతెన మీద ఆ వరదలో రాకపోకలు ఆపేశారు. దారుల పటంలో ఒక్క గీత చెరిగిపోతే అవతలి ఊళ్ళకు బియ్యం, మందులు, గ్యాస్ బండలు వెళ్ళే వరుస మొత్తం మారిపోతుంది. కాబట్టి జూన్‌కు ముందే లెక్క కట్టాలి: ఈ వంతెన మూసేస్తే ఎలా, ఈ వాగు దాటలేకపోతే ఎలా, ఏ ఊరికి ఎన్ని వారాల సరుకు ముందే చేర్చాలి? ఎండాకాలంలో రెండు కిలోమీటర్లు ఆదా చేసి, వరదలో ఒక గూడేన్ని ఆకలికి వదిలేసే దారిని ఉత్తమమైన దారి అనడానికి వీల్లేదు.

ఈ షరతులు ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఉన్న నిపుణులకు తెలియవు. ఏ చప్టా మీద ఎన్ని అడుగుల నీళ్ళు పారుతాయో, ఏ రైలు గేటు దగ్గర లారీ ఎంతసేపు ఆగుతుందో, ఏ రోజు సంతో, ఏ రోజు జమలాపురం గుడి దగ్గర భక్తుల రద్దీయో తెలిసింది ఇక్కడి డ్రైవర్లకు, హమాలీలకు, డీలర్లకు, రైతులకు. లెక్క కట్టే ముందు వాళ్ళని కూర్చోబెట్టి అడగాలి. వాళ్ళు చెప్పింది షరతుగా రాసుకోవాలి.

అధికారులకు నా మనవి: లెక్క ఫలితంతో పాటు ఏమేమి తగ్గించమని అడిగారో, ఏ షరతులు పెట్టారో కూడా పంచాయతీ బోర్డు మీద రాయించండి. మధిర, ఎర్రుపాలెం, ఖమ్మం, కొత్తగూడెం కళాశాలల అధ్యాపకులకు నా మనవి: ఈ లెక్కలు చేసే ఓఆర్-టూల్స్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఊళ్ళ దారులతో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కూడా ఉచితమే. మీ విద్యార్థుల ప్రాజెక్టుకు సొంత మండలాన్నే ఇవ్వండి. విద్యార్థులారా, మీ ఊరి దారుల పొడవులు కొలవండి, వానల్లో తెగేవి గుర్తుపెట్టండి, ఎవరికి ఏది ఎప్పుడు అందుతోందో రాసుకోండి. తర్వాత లెక్క కట్టి గ్రామసభలో పెట్టండి. మీ పటంలో అన్నిటికన్నా దూరాన ఉన్న ఊరి షరతును అన్నిటికన్నా ముందు రాయండి.